పందెపు పావురములు: వాని మేత, వ్యాయామము



పావురమనగానే మనవారికి రెండు కథలు జ్ఞప్తికి వచ్చును. శరణు జొచ్చిన పావురమునకై తన మేని మాంసమును కోసి యిచ్చిన శిబిచక్రవర్తి కథ మొదటిది. చిన్నయసూరి నీతిచంద్రికలో మనమందరము చిన్ననాట చదువుకొనిన చిత్రగ్రీవుని కథ రెండవది. నిర్జనమైన యడవిలో నేలపై నూకలు కనబడెను. దిగవలదని రాజైన చిత్రగ్రీవుడు చెప్పినను వినక పావురములు దిగి వలలో చిక్కెను. పిదప అన్నియు ఒక్కమాటపై నిలిచి, వలతో కూడ ఎగిరిపోయెను.

నేను ముప్పదియేండ్లకు పైగా బడిలో ఈ కథను పాఠముగా చెప్పితిని. గింజ పావురమునకు బలహీనత, కలసి యెగురుట దానికి బలము అని పిల్లలకు బోధించితిని. అయితే పందెపు పావురములను పెంచు విద్య యంతయు ఈ రెండు మాటలలోనే యున్నదని నాకు తెలిసినది ఉద్యోగము విరమించిన తరువాత, ఒక పూర్వశిష్యుని మేడమీద. ఆ శిష్యుడు విశాఖపట్టణమున ఉక్కు కర్మాగారములో పనివాడు. గాజువాక చెంత అతని యింటి మీద నలువది పావురములున్నవి.

ముందుగా పందెపు పావురమనగా నేమో చెప్పెదను. గుడి గోపురములలోను, రేవులోని గిడ్డంగుల చూరులలోను కాపురముండు పావురము ఊరి పావురము. ఉదయమున పైకెగిరి, గూటి మీదనే గంటల తరబడి ఆకాశమున నిలుచునది యెత్తుపావురము. హైదరాబాదు పాతనగరమున దానికి మక్కువ యెక్కువ. అక్బరు పాదుషా కొలువున ఇరువదివేలకు పైగా పావురములుండెనని అబుల్ ఫజల్ వ్రాసినాడు. ఆ వేడుకయు ఈ తరగతికి చెందినదే. మూడవది యిల్లెరిగిన పావురము. దానిని బుట్టలో పెట్టి నూరు, రెండునూరులు, అయిదునూరుల కిలోమీటర్ల దూరము కొనిపోయి విడిచినను, అది తిరిగి తన గూటికే చేరును. గాలి అనుకూలించిన గంటకు 60, 70 కిలోమీటర్ల వేగముతో వచ్చును. సూర్యుని గమనము, భూమియొక్క అయస్కాంతశక్తి, గాలిలోని వాసనలు, నేలమీది గుర్తులు దానికి దారి చూపునని శాస్త్రజ్ఞులు చెప్పుదురు. పందెములలో విడుచునది ఈ జాతినే. ఒక్కొక్కరి యిల్లు ఒక్కొక్క దూరమున నుండును గనుక, ముందుగా వచ్చినదే గెలిచినదనరు. విడిచిన చోటినుండి గూటి వరకు గల దూరమును పట్టిన కాలముచే భాగించి, ఎక్కువ వేగము గలదానికి గెలుపు నిత్తురు.

ఈ విద్య మన ప్రాంతమునకు క్రొత్తది కాదు. 1946లో ఒడిస్సా పోలీసువారు సైన్యమునుండి 200 పావురములను గ్రహించి, వార్తలు మోయు పావురముల దళము నొకదానిని ఏర్పరచిరి. మొదట ప్రయోగముగా దానిని నడపినది కొరాపుట్టు జిల్లాలో. ఆ కొండసీమ 1936 వరకు మన విశాఖపట్టణము జిల్లాలోనిదే. రోడ్లు లేని, తంతి లేని మన్యపు ఠాణాలకు పావురము కాలికి కట్టిన చీటియే తపాలాగా ఉండెను. 1948 ఏప్రిల్ 13వ తేదీన నెహ్రూ పండితుడు సంబలుపురమునుండి కటకమునకు ఒక వార్తను పావురము ద్వారా పంపెను. 1982 వరదలలో బంకి ప్రాంతము జలదిగ్బంధమైనప్పుడును, 1999 నాటి పెనుతుపానులోను ఆ పక్షులు పనికివచ్చెను. యంత్రసాధనములు హెచ్చిన పిదప వానికి ఉద్యోగము తప్పినది. కటకమున నేటికిని వానిని పూర్వకాలపు గుర్తుగా పోషించుచున్నారు.

ఆ దళమువారు కొన్ని పావురములకు ఒక చోటికి పోయి, జవాబుతో మరల వచ్చు విద్యను నేర్పిరి. దీని కిటుకు వినిన మీకు ఆశ్చర్యము కలుగును. పావురమునకు నివాసము ఒక చోట, మేత మరియొక చోట ఏర్పరుతురు. ఆకలికి అక్కడికి పోవును, తినిన పిమ్మట ఇంటికి వచ్చును. కొరడా లేదు, కళ్లెము లేదు. వేళకు పెట్టిన పిడికెడు గింజలే కళ్లెము. నేడు నేను చెప్పదలచిన ముఖ్యవిషయము ఇదియే. పందెపు పావురమునకు మేతయు వ్యాయామమును రెండు పనులు కావు; ఒక్కటే పని. మేత తప్పినచో ఎగురుట తప్పును.

ఇది నాకు పుస్తకమువలన తెలియలేదు, నా తప్పువలన తెలిసినది. కొన్ని యేండ్ల క్రిందట నా శిష్యుడు పెండ్లికని సకుటుంబముగా స్వగ్రామమునకు పోవుచు, పదిదినములు పావురములను చూడుమని నన్ను కోరెను. పదిదినములకు సరిపడ 12 కిలోల గింజలు కొలిచి డబ్బాలో పోసి, ఒక చిన్న కొలపాత్ర నిచ్చి, ఉదయమింత, సాయంకాలమింత అని చెప్పెను. నలువది ప్రాణులకు ఈ పిడికెళ్లేమిటి, వీడెంత పిసినారి యని నాలో ననుకొంటిని. దొన్నెను రాత్రింబవళ్లు నిండుగా ఉంచితిని. ఆరవదినమునకే గింజలు నిండుకొనగా అంగడినుండి నేనే కొని తెచ్చి పోసితిని. అవి మొక్కజొన్నను, వేరుశనగను ఏరి తిని, జొన్నలను ధాన్యమును కాళ్లతో చిమ్మివేయుచుండెను. నాకది ముచ్చటగా ఉండెను.

ఎనిమిదవనాటి సాయంకాలము తలుపు తీసి విడిచితిని. రెండు చుట్లు తిరిగి, ప్రక్కయింటి నీళ్లతొట్టి మీద వాలెను. నేను డబ్బా గలగలలాడించితిని. అవి నావైపు చూచెనేకాని దిగలేదు. చీకటి పడునప్పటికి కొన్ని కొన్నిగా గూటికి చేరెను. రెండు మాత్రము బయటనే యుండిపోయెను. తెల్లవారి చూడగా ఒకటి వచ్చినది. రెండవదానిని రాత్రి పిల్లి యెత్తుకొనిపోయినది. గోడప్రక్కన దాని ఈకలు దొరకెను. అది క్రిందటి చలికాలమున తునినుండి వచ్చిన పెంటిపావురము.

శిష్యుడు వచ్చి నన్నొక్క మాట అనలేదు. ఒక్కొక్క పక్షిని చేతిలోనికి తీసికొని రొమ్మెముకను తడవి చూచి, కడపట నాతో నిట్లనెను: "మేష్టారూ, ఆకలి లేని పిట్టకు పిలుపు వినబడదండీ. పిలుపు వినని పిట్ట నాకెంతకాలం దక్కుతుంది?" నా జీవితమున శిష్యుని వలన నేను నేర్చుకొనిన పాఠములలో ఇది యొకటి. పావురములను మరల పూర్వస్థితికి తెచ్చుటకు అతనికి మూడువారములు పట్టెను. నాటినుండి నేను వారమున నాలుగు దినములు ఆ మేడ యెక్కి నేర్చుకొనినదానిని మీకు చెప్పుచున్నాను.

మొదట కొలత. ఎదిగిన పందెపు పావురము బరువు 400 మొదలు 500 గ్రాముల వరకు ఉండును. దానికి దినమునకు సుమారు 30 గ్రాముల గింజలు చాలును. ఎక్కువ దూరము ఎగురు దినములలోను, చలికాలమున గాలి యెదురైనపుడును 35 గ్రాములు, అంతకు కొంచెము మించియు ఈయవచ్చును. అయితే కొలపాత్ర కన్న చేయి నమ్మదగినది. పక్షిని పట్టుకొని రొమ్మెముక మీద వ్రేలు పెట్టి చూడవలెను. ఎముక కత్తివలె తగిలినచో తిండి చాలదు. ఎముక తెలియకుండ క్రొవ్వు మూసినచో తిండి యెక్కువ. రెండువైపుల కండ గట్టిగా ఉండి, నడుమ ఎముక సన్నగా తెలియవలెను. మరియొక గురుతు కలదు. వేసిన గింజలను ఆత్రముగా తినుచు, ఒకటి రెండు పక్షులు నీళ్ల చెంతకు పోగానే గింజ వేయుట ఆపవలెను. దొన్నెలో మిగిలినది పావురమునకు మేలు చేయదు, ఎలుకలను పిలుచును.

రెండవది గింజల కలుపు. జొన్న, గంటె, గోధుమ, ధాన్యము, మొక్కజొన్న ఇవి బలమునిచ్చు గింజలు. బఠాణీ, పెసలు, శనగలు, ఉలవలు ఇవి కండను పెంచునవి. వేరుశనగ, కుసుమ ఇవి నూనెగింజలు. సామాన్యదినములలో మొదటి తరగతి మూడుపాళ్లు, రెండవ తరగతి ఒకపాలు కలిపిన చాలును. పిల్లలను సాకునప్పుడును, ఈకలు మార్చునప్పుడును పప్పుగింజలను హెచ్చింపవలెను. దూరపు ఎగురుడునకు పోవుటకు ముందు రెండు మూడు దినములు మొక్కజొన్నను హెచ్చించి, కొలది వేరుశనగ పలుకులను చేర్చవలెను. కారణమేమనగా, గంటల తరబడి ఎగురు పావురమునకు కండలలో కాలు వంటచెరకు ముఖ్యముగా క్రొవ్వే. ఒక గ్రాము క్రొవ్వులోనున్న శక్తి, ఒక గ్రాము పిండిపదార్థములోని శక్తికి రెండింతలకు పైగా ఉండును. కాని ఎగురని పక్షికి అదే క్రొవ్వు బరువగును. నేను చేసిన తప్పు అదియే.

మనది సముద్రతీరము, గాలిలో తేమ యెక్కువ. బూజుపట్టిన మొక్కజొన్న, వేరుశనగ పక్షికి విషము. వాసన చూచి, చేతిలో నలిపి, ఎండబెట్టి మూతగల డబ్బాలో ఉంచవలెను. మనము తినుటకు జంకు గింజను పావురమునకును వేయరాదు.

మూడవది గింజకాని మేత. పావురమునకు దంతములు లేవు. కడుపులోని రాతిరవ్వలే తిరుగలి. కావున సన్నని గులకరవ్వలు, ఆలిచిప్పల పొడి, కాలిన ఇటుక పొడి, బొగ్గుపొడి కలిపి ఒక మూకుడులో ఎల్లప్పుడు ఉంచవలెను. గ్రుడ్డు పెంకునకు ఆలిచిప్ప అవసరము. మన తీరమున గుల్లలకు కొదువ లేదు. కాని సముద్రపుటిసుకను గుల్లలను మంచినీట పలుమార్లు కడుగక వేయరాదు. కొంచెము ఉప్పు మంచిదే, ఎక్కువైన చంపును.

నీటి విషయమున నొక వింత గలదు. కోడి గ్రుక్కెడు నీరు పట్టి తల పైకెత్తి మ్రింగును. పావురము ఆవువలె ముక్కు ముంచి ఏకధారగా పీల్చును. కావున లోతు గల పాత్ర కావలెను. దినమునకు రెండుసార్లు నీరు మార్చి పాత్రను తోమవలెను. గొంతులో పుండ్లు పడు వ్యాధి మురికినీటి ద్వారా కూడ ఒకదానినుండి మరియొకదానికి అంటును. వారమునకు రెండుసార్లు వెడల్పు తొట్టిలో స్నానమునకు నీరు పెట్టిన, అవియే మునిగి తేలి ఎండలో రెక్క విప్పుకొనును.

ఇక దినచర్య. తెల్లవారగానే, మేత వేయక ముందు, విడువవలెను. పొట్ట ఖాళీగా ఉన్నప్పుడే అవి హాయిగా ఎగురును. వేసవిలో ఎండ ముదురక ముందే ఈ పని కావలెను. లేబ్రాయపు పక్షులకు పావుగంట, అరగంట చాలును; ఎదిగినవానికి గంట. పిదప డబ్బా చప్పుడు చేసి పిలువవలెను. దిగి లోనికి వచ్చినవానికి దినపు మేతలో మూడవవంతు పెట్టవలెను. పగలంతయు విశ్రాంతి. సాయంకాలము ఎండ తగ్గిన పిమ్మట మరల విడిచి, ప్రొద్దు గ్రుంకక ముందే పిలిచి, మిగిలిన రెండు వంతులు పెట్టవలెను. చీకటి పడిన తరువాత ఒక్క పక్షియు బయట ఉండరాదు.

నా శిష్యునికి కర్మాగారమున పనివేళలు మారుచుండును. అతడు లేనపుడు అతని భార్య మేత వేయును. వేయు చేయి మారినను వేళ మారదు, డబ్బా మారదు, చప్పుడు మారదు. పావురము మనిషి కన్న చప్పుడునే యెక్కువగా నమ్మునట్లు నాకు తోచినది.

పిల్లల శిక్షణ ఓపికతో కూడిన పని. గ్రుడ్డు పొదుగుట 17, 18 దినములు. తల్లియు తండ్రియు ఇరువురును తమ మేతసంచిలో ఊరిన పాలవంటి పదార్థమును పిల్లలకు నోటితో నందింతురు. పక్షులలో ఇది అరుదైన విషయము. వారమునాటి పిల్ల కాలికి సంవత్సరము, సంఖ్య గల కడియము తొడుగుదురు. కాలు పెరిగిన తరువాత అది యూడి రాదు. సుమారు నాలుగువారములకు తల్లినుండి వేరుచేసి, ముందుగా డబ్బా చప్పుడును నేర్పవలెను. పిదప సాయంకాలము మేతకు ముందు కప్పు మీద కూర్చుండనిచ్చి పరిసరములను చూడనీయవలెను. వానిని తోలరాదు, బెదరింపరాదు. తమంత తామే ఎగిరి, గుంపుగా దూరము పోయి వచ్చు దినము వచ్చును.

అప్పుడు బుట్టలో పెట్టి దారి పట్టింపవలెను. మొదట అయిదు కిలోమీటర్లు, తరువాత పది, ఇరువది, నలువది. ఒక్కొక్క చోటినుండి రెండు మూడుమార్లు. నా శిష్యుడు నైరృతి దారిని ఎన్నుకొనెను. అనకాపల్లి, తుని, సామర్లకోట, రాజమహేంద్రవరము ఒకదాని వెనుక నొకటి ఆ రైలుదారిలోనే యున్నవి. రాజమహేంద్రవరమునకు రైలుదారి సుమారు 200 కిలోమీటర్లు. విడుచు చోటు సముద్రమునకు దూరముగా, మెట్టనేలమీద ఉండవలెను. నీటిమీదికి కొట్టుకొనిపోయిన పక్షికి వాలుటకు చోటుండదు. తెల్లవారిన పిమ్మట, ఆకాశము నిర్మలముగా నున్నప్పుడే విడువవలెను. మంచు, మబ్బు, వాన యున్న దినమున బుట్ట మూత విప్పరాదు. తుపాను కాలమున ఈ మాటయే వలదు. కొండల చెంత డేగలు, సాళువములు పొంచియుండును గనుక గుంపుగా విడుచుట క్షేమము.

ఈకలు మార్చు కాలమున పందెములు నిషిద్ధము. ప్రతి రెక్కకును పది పెద్ద ఈకలుండును. ఇవియే పక్షికి తెడ్లు. ఒక్కొక్కటిగా రాలి మొలచును. ఈక మొలచు దినములలో ఆకలి గాని జబ్బు గాని కలిగినచో ఆ ఈకపై అడ్డముగా ఒక గీత యేర్పడును. మరుసటి యేడు ఈక మారువరకు ఆ గీత చెరగదు. యజమాని చేసిన లోపము పక్షి రెక్కపై వ్రాసియుండునన్నమాట.

తిరిగివచ్చిన పావురమునకు ముందుగా నీరు. ఆ నీటిలో కొంచెము బెల్లము కలుపవచ్చును. పిదప జొన్నలవంటి తేలిక గింజలు కొలదిగా. పప్పుగింజలు మరునాడు. ఆలస్యముగా వచ్చినదానిని కసరుకొనువారు గలరు. ఆలస్యముగా వచ్చినది తరచుగా అందరికంటె ఎక్కువ కష్టపడినదని నా శిష్యుడనును. పందెముపై డబ్బు కాయువారికి ఈ మాట తలకెక్కదు. డబ్బు కలిసినచోట పక్షి క్షేమము రెండవదగును. కావున ఆ త్రోవను పోవలదని నా సలహా.

పెంచువారి క్షేమము కూడ చెప్పవలెను. పావురపు రెట్టల పొడియు, ఈకల ధూళియు ఏండ్ల తరబడి పీల్చినచో ఊపిరితిత్తులు దెబ్బతినును. గూటిని ప్రతిదినము శుభ్రపరుచునపుడు ముక్కు నోరు గుడ్డతో కప్పుకొనవలెను. ఉబ్బసము గలవారు గూటిలోనికి పోరాదు.

పెద్దలారా! మీలో పలువురు పావురములను పెంచరు. అయినను ఈ ప్రసంగము మీకొరకే. చెన్నపట్టణపు సంఘములవారు తమ పక్షులను ఉత్తరమునకు కొనిపోయి, ఆంధ్రదేశము మీదుగా ఇంటికి ఎగురవిడుతురు. వానిలో అలసినవి, డేగ దెబ్బ తిన్నవి మన పొలములలో, మన అరుగులమీద వాలును. కాలికి కడియము, దానిపై తెలియని అక్షరములు చూచి కొందరు భయపడుదురు. 2023 మే నెలలో ముంబయి రేవు చెంత పట్టుబడిన యొక పావురమును గూఢచారియేమోయని ఎనిమిది నెలలు బంధించిరి. అది తైవాను దేశపు పందెపు పక్షియని తేలగా 2024 జనవరిలో విడిచిపెట్టిరి. ఆ మూగజీవి తన యింటికి దారి తప్పినదే కాని మరియొక తప్పెరుగదు.

అట్టి పక్షి మీ యింట వాలినచో తరుమవలదు, రెక్క కత్తిరింపవలదు, పిల్లలను రాళ్లు రువ్వనీయవలదు. లోతైన చెంబులో నీరు పెట్టుడు. గుప్పెడు జొన్నలో గంటెలో వేయుడు. అంతకు మించి వలదు. రాత్రికి పిల్లి చొరని చోట బుట్టక్రింద ఉంచుడు. కడియముపై నున్న సంఖ్యను వ్రాసికొని, విచారించువారు వచ్చినచో చెప్పుడు. తెల్లవారి ఎండ కాసిన పిమ్మట బహిరంగస్థలమున విడువుడు. గాయపడినదైనచో పశువైద్యునికి చూపుడు.

ఒక రాత్రి ఆతిథ్యమే దానికి చాలును. ఎక్కడనో ఒక మేడమీద, చేతిలో గింజల డబ్బాతో, ఒకడు ఆకాశము వంక చూచుచు నిలిచియుండును. నేను పోగొట్టిన పెంటిపావురము నాకు ఈ మాటను మీతో చెప్పు బాధ్యతను విడిచిపోయినది. సెలవు.